వేడెక్కాక మొరాయించే కారు: క్రాంక్ సెన్సర్‌ని పట్టుకున్న నా అనుభవం

పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్ అయ్యే కారు మధ్యాహ్నం ఎండలో గంటన్నర నడిచాక రోడ్డు మధ్యలో ఆగిపోతుంటే, ఆ బాధ మెకానిక్‌కి చూపించడం ఎంత కష్టమో పడ్డవాళ్లకే తెలుస్తుంది. షెడ్డుకి చేరేసరికి ఇంజన్ చల్లారిపోతుంది. ఆయన తాళం తిప్పగానే బుద్ధిగా స్టార్ట్ అవుతుంది. "బానే ఉంది కదండీ" అంటాడు. మనం తలూపి ఇంటికొస్తాం. వారం తిరక్కుండానే ఏ ఫ్లైఓవర్ మీదో మళ్లీ అదే కథ.

మాది పదేళ్లు దాటిన పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ గేర్లు. కంపెనీ పేరు అనవసరం, ఈ జబ్బు ఏ కంపెనీ బండికైనా వస్తుంది. అసలు సంగతి బయటపడింది మే నెలలో, హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తుంటే. 65వ నంబరు జాతీయ రహదారి మీద నకిరేకల్ దాటి కొర్లపహాడ్ టోల్‌గేట్ వైపు వెళ్తున్నాం. ఏసీ ఫుల్లుగా ఉంది. ఉన్నట్టుండి బండి లాగడం మానేసింది. చప్పుడు లేదు, కుదుపు లేదు. యాక్సిలరేటర్ తొక్కుతున్నా ఉలుకూ పలుకూ లేదు.

"ఏమైందండీ?" అంది మా ఆవిడ. నా కళ్లు మీటర్ల మీద ఉన్నాయి. స్పీడోమీటర్ ఇంకా 70 చూపిస్తోంది. పక్కనున్న ఆర్పీఎం ముల్లు (ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపేది) మాత్రం సున్నాకి పడిపోయింది. నేను క్లచ్ తొక్కలేదు, బండి ఐదో గేర్‌లోనే ఉంది.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మొత్తం వ్యవహారానికి కీలకం ఇదే. బండి గేర్‌లో ఉండి దొర్లుతుంటే చక్రాలే ఇంజన్‌ని తిప్పుతుంటాయి. పెట్రోల్ అందక ఆగినా, ప్లగ్‌లకి కరెంటు రాక ఆగినా, ఇంజన్ అయితే తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఆర్పీఎం ముల్లు బండి వేగంతో పాటే మెల్లగా దిగాలి. ఇంజన్ తిరుగుతుండగా ముల్లు టక్కున సున్నాకి పడిందంటే, ఆ తిరగడాన్ని లెక్కపెట్టేది పనిచేయడం లేదన్నమాట. ఆ లెక్కపెట్టేదే క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) పొజిషన్ సెన్సర్. మెకానిక్కులు క్రాంక్ సెన్సర్ అనేస్తారు.

బండిని పక్కకు తీసి హజార్డ్ లైట్లు వేశాను. స్టీరింగ్ బరువెక్కిపోయింది. ఇలా ఆగినప్పుడు బ్రేకు ఊరికే తొక్కుతూ వదులుతూ ఉండకండి. ఇంజన్ ఆగాక బూస్టర్‌లో (బ్రేకుని తేలిక చేసే భాగం) మిగిలిన వ్యాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లకే అయిపోయి పెడల్ గట్టిపడిపోతుంది. ఒకే తొక్కుతో నిలుపుకోవాలి.

నిలిపాక చూస్తే సెల్ఫ్ హుషారుగా తిరుగుతోంది, బ్యాటరీ బాగుంది. తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద పెట్రోల్ పంపు రెండు సెకన్లు సన్నగా మోగి ఆగుతోంది. ఇమ్మొబిలైజర్ (దొంగతాళంతో స్టార్ట్ కాకుండా ఆపేది) లైటు కూడా మామూలుగానే ఆరింది. అయినా ఇంజన్ అందుకోవడం లేదు. దగ్గర్లోని టీ కొట్టు దగ్గర ఒకరు కల్తీ పెట్రోల్ అన్నారు, ఒకరు ఏసీ వల్లే అన్నారు, ఇంకొకాయన ఏకంగా ఇంజన్ సీజ్ అయ్యుంటుందని టెన్షన్ పెట్టాడు. సీజ్ అయితే సెల్ఫ్ ఎలా తిరుగుతుందో ఆయన్నే అడగాలి. అరగంట నీడలో కూర్చుని వచ్చి తాళం తిప్పితే, ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయింది.

దారిలో ఒక షెడ్డులో చూపిస్తే పంపు మార్చాలన్నారు. ఇది చాలామంది పడే గుంట, అందుకే వివరంగా చెబుతున్నా. తాళం ఆన్ చేసినప్పుడు ఈసీఎం (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) పంపుని ఓ రెండు సెకన్లు నడిపి ఆపేస్తుంది. ఆ తర్వాత ఇంజన్ తిరుగుతున్నట్టు క్రాంక్ సెన్సర్ నుంచి కబురొస్తేనే పంపుని మళ్లీ నడుపుతుంది. యాక్సిడెంటులో ఇంజన్ ఆగిపోతే పెట్రోల్ కారకుండా ఉండటానికే ఈ ఏర్పాటు. అంటే సెన్సర్ చచ్చినప్పుడు సెల్ఫ్ కొడుతూ గమనిస్తే పంపు నడవదు. చూసినవాడికి పంపే పోయినట్టు కనిపిస్తుంది. ఆరేడు వేలు పెట్టి పంపు మారుస్తారు, ఈలోపు ఇంజన్ చల్లారి ఎలాగూ స్టార్ట్ అవుతుంది, రోగం కుదిరిందనుకుంటారు. ముల్లు పడిపోవడం కళ్లారా చూశాను కాబట్టి, పంపు వద్దని చెప్పి వచ్చేశాను.

సెన్సర్ పని పెద్ద చిక్కేమీ కాదు. క్రాంక్‌షాఫ్ట్‌తో పాటు తిరిగే ఒక పళ్ల చక్రం ఉంటుంది. చాలా బండ్లలో దానికి 60 పళ్ల చోటు ఉంటుంది కానీ రెండు పళ్లు కావాలనే వదిలేసి 58 పెడతారు. సెన్సర్ దానికి ఓ మిల్లీమీటరు దూరంలో కూర్చుని ఒక్కో పన్ను దాటినప్పుడల్లా చిన్న సిగ్నల్ పంపుతుంది. ఖాళీ వచ్చిన చోటుని బట్టి పిస్టన్లు ఎక్కడున్నాయో ఈసీఎంకి తెలుస్తుంది. అది తెలియకపోతే ప్లగ్‌కి ఎప్పుడు కరెంటివ్వాలో, ఇంజెక్టర్ ఎప్పుడు తెరవాలో దానికి అంతుపట్టదు. అందుకే రెండూ ఒకేసారి మానేస్తుంది. కొన్ని బండ్లలో క్యామ్ సెన్సర్ (వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్ ఎక్కడుందో చెప్పేది) ఆసరాతో ఎలాగోలా స్టార్ట్ అయ్యే ఏర్పాటు ఉంటుంది. మాదాన్లో లేదు.

విజయవాడలో మా బావ దగ్గర బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (ఈసీఎం రాసుకున్న లోపాల కోడ్లు చదివేది) ఉంది, వెయ్యి రూపాయల లోపు వచ్చే రకం. మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి బీఎస్-4 (కాలుష్య ప్రమాణం) కార్లకి ఓబీడీ-2 తప్పనిసరి చేశారు కాబట్టి ఆ తర్వాతి బండ్లన్నిటికీ ఇది పనికొస్తుంది. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్‌లో గుచ్చి, ఫోన్లో యాప్ తెరిస్తే చాలు. తెరిచి చూస్తే ఒక్క కోడ్ కూడా లేదు. ఇందులో వింతేం లేదు. నడుస్తుండగా సిగ్నల్ పోతే చాలా ఈసీఎంలు ఇంజన్ ఆపేశారనుకుని ఊరుకుంటాయి. సెల్ఫ్ తిరుగుతూ, క్యామ్ సెన్సర్ నుంచి సిగ్నల్ వస్తూ, క్రాంక్ నుంచి రాకపోతేనే వాటికి అనుమానం తగులుతుంది. కోడ్ లేదు కాబట్టి సెన్సర్ మంచిదే అని ఎవరైనా అంటే నమ్మకండి.

కాబట్టి జబ్బుని మనమే రప్పించాలి. మిట్టమధ్యాహ్నం ఎండలో బండి పెట్టి, ఏసీ వేసి, రేడియేటర్ ఫ్యాన్ పలుమార్లు తిరిగేదాకా ఇంజన్ నడిపాం. ఆగలేదు. అప్పుడు మేమే ఆపేసి, బానెట్ మూసే ఉంచి, పది నిమిషాలు కదిలించలేదు. ఇంజన్ ఆపాక గాలీ ఆడదు, కూలెంటూ తిరగదు, లోపలి వేడంతా పైకి తన్నుతుంది. నడిచేటప్పటి కన్నా ఆపిన కాసేపటికే బానెట్ కింద వేడెక్కువ. పెట్రోల్ కొట్టించుకుని వచ్చాక బండి స్టార్ట్ కాదని చాలామంది అనేది ఇందుకే.

"ఇప్పుడు కొట్టు బావా" అని నేను ఫోన్ పట్టుకున్నాను. సెల్ఫ్ గిర్రున తిరుగుతోంది. మామూలుగా అయితే స్క్రీన్ మీద 200 అటూఇటూగా ఆర్పీఎం కనిపించాలి. సున్నా. ఇంకాస్త సేపు కొట్టించాను. సున్నాయే. మళ్లీ స్కాన్ చేస్తే పెండింగ్‌లో (ఇంకా ఖాయం కాని కోడ్ల జాబితాలో) పీ0335 కోడ్ వచ్చి కూర్చుంది. క్రాంక్ సెన్సర్ సర్క్యూట్ అని దానర్థం. సెన్సర్ గేర్‌బాక్స్ అతుకు దగ్గర ఉంటుంది. బావ తడిగుడ్డ దాని మీద వేసి, సీసాతో కొద్దికొద్దిగా చల్లని నీళ్లు పోశాడు. సైలెన్సర్ గొట్టం మీద, ఇంజన్ మీద పడకుండా చూసుకోవాలి. మళ్లీ తాళం తిప్పితే ఆర్పీఎం 210, ఆ వెంటనే స్టార్ట్. ఆ క్షణంలో మా ఇద్దరి సంతోషం చూస్తే ఎవరైనా లాటరీ తగిలిందనుకునేవాళ్లు.

మర్నాడు ఆటోనగర్‌లో ఒక పాతకాలపు ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లి, కోడ్ చూపించి సెన్సర్ మార్చమన్నాను. ఆయన ఫోన్ వంక చూడనైనా చూడలేదు. "కోడొచ్చింది కదా అని మార్చేస్తే ఎట్టా అండీ. అది సర్క్యూట్ అంటంది, సెన్సర్ పోయిందనట్లా. ముందు వైరు చూద్దాం" అన్నారు. నిజమే. ఎలుకలు కొరికినా, కప్లర్‌లో (వైర్లు గుచ్చే సాకెట్) పిన్నులు పచ్చగా చిలుం పట్టినా, వైరు ఇంజన్‌కి రాసుకుని తోలు ఊడినా అదే కోడ్ వస్తుంది. కప్లర్ పీకి లోపల చూశారు, శుభ్రంగా ఉంది. అక్కడి నుంచి ఈసీఎం దాకా రెండు వైర్లకీ విడివిడిగా మల్టీమీటర్ పెట్టి, వైరింగ్‌ని చేత్తో కదుపుతూ చూశారు. ఎక్కడా తెగలేదు, బాడీకి తగలడం లేదు.

అప్పుడు సెన్సర్ విప్పారు. ఒక్కటే బోల్టు. ఓ-రింగ్ వేడికి అతుక్కుపోయి రాలేదు. స్క్రూడ్రైవర్‌తో తన్నకుండా కాస్త ఆయిల్ వేసి, అటూఇటూ తిప్పుతూ నెమ్మదిగా లాగారు. తొందరపడితే ప్లాస్టిక్ విరిగి ముక్క లోపలే ఉండిపోతుందట. మొన నిండా సన్నని ఇనుప రజను పట్టి ఉంది. దాన్ని తుడిచి మీటర్ పెట్టారు. రెండు వైర్ల సెన్సర్ కాబట్టి లోపల ఉండేది తీగ చుట్టిన కాయిల్, ఓమ్స్‌లో కొలవచ్చు. మూడు వైర్లుంటే సాధారణంగా హాల్ రకం, అంటే కాయిల్ బదులు కరెంటుతో పనిచేసే ఎలక్ట్రానిక్ చిప్ ఉండేది. దానికి ఓమ్స్ చూడకూడదు, పవర్ వస్తోందా, తిప్పితే సిగ్నల్ వస్తోందా అని చూడాలి.

చల్లగా ఉన్నప్పుడు 870 ఓమ్స్ చూపించింది. ఇక్కడితో ఆపేస్తే సెన్సర్ బాగున్నట్టే. ఆయన హీట్ గన్ తీసి దూరం నుంచి వేడి కొట్టడం మొదలెట్టారు. 900, 940, 990. "ఇట్టా పెరగటం మామూలే, రాగి తీగ కదా" అన్నారు. 1,040 దగ్గర అంకె వణికింది. మరుక్షణం తెర మీద ఓఎల్ అని పడింది. అంటే సర్క్యూట్ తెగింది. గన్ పక్కన పెట్టి ఫ్యాన్ కింద పెడితే కాసేపటికి అంకెలు మళ్లీ వచ్చాయి. లోపల తీగ ఎక్కడో సన్నగా విరిగి ఉంది. వేడికి సాగితే విడిపోతోంది, చల్లారితే కలుస్తోంది.

కొత్త సెన్సర్ కంపెనీదే తెప్పించారు. చవక డూప్లికేట్లు కూడా దొరుకుతాయి గానీ, మొన పొడవు కొంచెం తేడా ఉన్నా పళ్లకీ దానికీ మధ్య సందు మారిపోయి మిస్ కొడుతుందని వద్దన్నారు. ప్యాకెట్లోంచి తీసిన కొత్తదాన్ని కూడా హీట్ గన్ పెట్టి చూశాకే బిగించారు. అలా చూసిన మెకానిక్‌ని నేనింతవరకూ ఎరగను. బిగించే ముందు ఆ రంధ్రంలో టార్చి వేసి, ఇంజన్‌ని చేత్తో తిప్పుతూ చక్రం పళ్లు విరగలేదని కూడా చూసుకున్నారు.

సెన్సర్‌కీ పనికీ కలిపి రెండు వేల లోపే అయింది. కోడ్ చెరిపేసి, మళ్లీ అదే ఎండలో, అదే పద్ధతిలో వేడెక్కించి ఆపి స్టార్ట్ చేసి చూశాం. ఆర్పీఎం వెంటనే కనిపించింది. కొన్ని బండ్లకి సెన్సర్ మార్చాక స్కానర్‌తో క్రాంక్ రీలెర్న్ (కొత్త సెన్సర్ సిగ్నల్‌ని ఈసీఎంకి అలవాటు చేయడం) చేయించాలి, లేకపోతే మిస్‌ఫైర్ కోడ్లు రావచ్చు. మా బండికి ఆ అవసరం రాలేదు. మీది ఏ రకమో మార్చే ముందే అడగండి. ఆ స్కానర్ అన్ని షెడ్లలో ఉండదు.