బోర్డు ముందు, కార్డు తర్వాత

మా మేనల్లుడి గేమింగ్ కంప్యూటర్ కోసం మా అక్క పక్కన పెట్టిన సొమ్ము 60 వేలు. మానిటర్‌తో సహా అన్నీ అందులోనే రావాలంటే ప్రతి భాగమూ అరకొరగానే వస్తుంది. అందుకని గ్రాఫిక్స్ కార్డును వచ్చే ఏడాదికి వాయిదా వేసి, పదే పదే మార్చలేని భాగాలను ఇప్పుడే గట్టివి తీసుకుందామన్నాను. "కార్డు లేకుండా గేములు యాడాడేది మామా?" అంటూ వాడు మూతి ముడుచుకున్నాడు.

ముందు తేల్చుకోవలసింది సాకెట్, అంటే మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు. ఇంటెల్ తన 12, 13, 14 తరాల ప్రాసెసర్లకు వాడిన ఎల్‌జీఏ 1700ను వదిలి 2024లో 1851కి మారింది కాబట్టి, ఇప్పుడు పాత బోర్డు కొంటే ముందుకు దారి మూసుకుపోయినట్టే. దాని పోటీ కంపెనీ ఏఎండీ మాత్రం 2016 నాటి ఏఎం4 సాకెట్‌కే 2022లో కూడా 5800ఎక్స్3డీ వంటి మేటి ప్రాసెసర్‌ను ఇచ్చింది. అదే ఏడాది వచ్చిన ఏఎం5కు కనీసం 2027 వరకు మద్దతు ఉంటుందని ప్రకటించింది. అందుకే ఏఎం5 సాకెట్ ఉన్న బీ650 బోర్డు వైపే మొగ్గాను.

వాడి ప్రశ్నకు జవాబు ఏఎండీ వారి రైజెన్ 5 8600జీ ప్రాసెసర్. దీనిలోపలే ఉన్న రేడియాన్ 760ఎం గ్రాఫిక్స్‌తో, సెట్టింగులు తగ్గించుకుంటే, 1080పీలో (ఫుల్ హెచ్‌డీలో) చాలా ఆటలు ఆడుకోవచ్చు. దానికంటే చవకగా దొరికే 8500జీని చూసి మోసపోకూడదు. అందులో గ్రాఫిక్స్ కార్డుకు నాలుగు పీసీఐఈ లేన్లే (ప్రాసెసర్‌కూ కార్డుకూ మధ్య డేటా నడిచే దారులు) మిగులుతాయి, 8600జీలో ఎనిమిది ఉంటాయి. ఆర్‌టీఎక్స్ 4060, ఆర్ఎక్స్ 7600 వంటి కార్డులు వాడుకునేవే ఎనిమిది లేన్లు కనుక రేపు కార్డు పెట్టినప్పుడు మనకు నష్టముండదు. పెట్టెమీద కనబడని ఈ ఒక్క తేడా కోసం ఆ అదనపు సొమ్ము పెట్టవచ్చు.

ర్యామ్ దగ్గర మాత్రం ముందుచూపును కొంత వదులుకున్నాను. 16 జీబీ స్టిక్ ఒకటి కొని, తర్వాత మరొకటి చేర్చడమే పొదుపుగా కనిపిస్తుంది గానీ, లోపలి గ్రాఫిక్స్ తనకు కావలసిన మెమరీని ర్యామ్ నుంచే తీసుకుంటుంది కాబట్టి ఒక్క స్టిక్‌తో మెమరీకి దారి సగమై ఆట నత్తనడక నడుస్తుంది. కాబట్టి 8 జీబీవి రెండు. ఏఎం5 మీద నాలుగు స్టిక్కులు పెడితే వేగం తగ్గించవలసి వస్తుంది గనుక, 32 జీబీ కావలసిననాడు ఇవి అమ్మేసి వేరే జత కొనాలి.

పవర్ సప్లై 650 వాట్లది చాలు. 4060 తీసుకునేది 115 వాట్లే, 7600కు 165. 80 ప్లస్ ముద్ర విద్యుత్ వృథా ఎంత తక్కువో చెబుతుందే తప్ప లోపలి భాగాల నాణ్యతకు హామీ కాదు, కాబట్టి వారంటీ ఎన్నేళ్లో కూడా చూడాలి. కరెంటు పోయివస్తూ ఉండే ఇళ్లలో యూపీఎస్ తప్పదు, కొన్ని పవర్ సప్లైలు ప్యూర్ సైన్‌వేవ్ (గోడ కరెంటులాంటి నునుపైన తరంగం) ఇవ్వని చవక యూపీఎస్‌ల మీద మొరాయిస్తాయి. అనంతపురం ఎండకూ దుమ్ముకూ ముందువైపు అద్దమున్న క్యాబినెట్ పనికిరాదు. ముందువైపు గాలి ఆడే జాలీ, దాని వెనుక కడగడానికి ఊడివచ్చే ఫిల్టర్ ఉండాలి. రంగురంగుల లైట్ల గురించి వాడితో వాదించలేదు.

బెంగళూరు ఎస్పీ రోడ్డులో కొంత చవకగా దొరకవచ్చు. అయినా బోర్డు, పవర్ సప్లై మాత్రం ఇక్కడి దుకాణంలోనే, వారంటీకి వాళ్లే పంపేలా మాట్లాడుకుని, బిల్లుమీద సీరియల్ నంబరు రాయించుకుని కొందామని అక్కకు చెప్పాను.