గడియారం గీసిన గీత

మలుపు దాటిపోవడం నా తప్పా, మా ఆయన తప్పా అన్న గొడవ మూడు రోజులు సాగింది. "నేను ముందే చెప్పాను, నువ్వే వినలేదు" అంటాడు ఆయన. తిరగమన్న మాట నాకు మలుపు దాటాకే వినబడినట్టు గుర్తు. చివరికి నా జీపీఎస్ వాచీలోంచి ఆ రోజు కారు వెళ్ళిన దారి ఫైల్ దించి మ్యాప్ మీద పరిచాను. మలుపు దగ్గర గంటకు 46 కిలోమీటర్ల వేగంతో సాఫీగా వెళ్ళిపోయాం. వేగం తగ్గడం మొదలైంది 90 మీటర్లు దాటాక. అక్కడి నుంచి యూటర్న్ దొరికేదాకా ఇంకో 1.3 కిలోమీటర్లు. ముందే చెప్పి ఉంటే ముందే బ్రేక్ వేసేదాన్ని కదా అని నా వాదన. "నువ్వు వినలేదనడానికి కూడా అదే సాక్ష్యం" అని ఆయన వాదన. కేసు ఇంకా నడుస్తోంది.

రెండేళ్ళుగా కారులో ఎంత దూరం వెళ్ళినా, కొండ ఎక్కినా, అడవిలో నడిచినా చేతికున్న జీపీఎస్ వాచీతోనే దారి రికార్డు చేస్తున్నాను. ఫోన్ ఉండగా వాచీ ఎందుకని అందరూ అడుగుతారు. ఫోన్ డ్యాష్‌బోర్డు మీద దారి చూపిస్తూ, ఎండకు కాలిపోతూ, చార్జింగ్ వైరుకు కట్టేసి ఉంటుంది. కారు ఆపి జలపాతం దాకా నడుద్దామంటే అది ఫోటోల కోసం మా అమ్మాయి చేతిలోకి వెళ్ళిపోతుంది, ఆ పిల్లేమో నాకన్నా అరకిలోమీటరు ముందుంటుంది. వాచీ మాత్రం నా చేతికే ఉంటుంది. కారు దిగిన చోటు, నడిచిన కాలిబాట, మళ్ళీ కారెక్కిన చోటు అన్నీ తెగకుండా ఒకే గీతలో వస్తాయి. నాకు కావలసింది అదే.

బయలుదేరేముందు కాస్త ఓపిక పట్టాలి. ఆకాశం కనిపించే చోట నిలబడి వాచీ వంక చూస్తుంటే "ముహూర్తం కుదిరిందా?" అని మా ఆయన వెక్కిరిస్తాడు. కుదరాల్సింది నాలుగు ఉపగ్రహాల సంకేతాలు. చోటు తెలియడానికి ఉపగ్రహాల నుంచి మూడు దూరాలు చాలు గానీ, ఆ దూరాలు కొలిచేది సంకేతం చేరడానికి పట్టిన సమయంతో. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఆ ఉపగ్రహాల్లో ఉన్నవి అణు గడియారాలు. నా చేతికున్నది మామూలు క్వార్ట్జ్. సెకనులో పది లక్షల వంతు తేడా వచ్చినా 300 మీటర్ల తప్పు పడుతుంది. ఆ తేడా ఎంతో తేల్చడానికే నాలుగోది. పైగా ఒక్కో ఉపగ్రహం తన కక్ష్య వివరాలను 30 సెకన్లకోసారి, సెకనుకు 50 బిట్ల నత్తనడకతో పంపిస్తుంది. ఉదయమే వాచీని ఫోన్‌తో సింక్ చేసి ఉంచితే ఆ వివరాలు ముందే అందుతాయి, నాలుగైదు సెకన్లలో పని అయిపోతుంది. ఒకసారి హడావుడిలో సెల్లార్ పార్కింగ్‌లోనే స్టార్ట్ నొక్కేశాను. ఆ రోజు గీత మేం ఎన్నడూ కాలుపెట్టని చోట మొదలై, రెండు వీధుల మేడల మీదుగా ఎగిరొచ్చి రోడ్డు మీద దిగింది.

కారు నడిపేటప్పుడు వాచీని కిటికీ వైపు చేతికి మారుస్తాను. పైకప్పు ఇనుము, చేతులు స్టీరింగ్ దగ్గర. అద్దాల్లోంచి వచ్చేదే దానికి దిక్కు. కొన్ని కార్ల ముందు అద్దానికి వేడి ఆపే లోహపు పూత ఉంటుంది, అది సంకేతాన్ని కూడా ఆపేస్తుంది.

నాకు ఎక్కువ నేర్పింది ఘాట్ రోడ్డు. నా వాచీలో 'స్మార్ట్ రికార్డింగ్' అని ఒక సెట్టింగ్ ఉంది. మెమరీ ఆదా కోసం, దారి మారిందని తనకు తోచినప్పుడే ఒక పాయింట్ రాసుకుంటుంది. పేరు చూసి మోసపోయాను. గంటకు 30 కిలోమీటర్లంటే సెకనుకు 8 మీటర్ల పైమాటే. ఏడు సెకన్లకో పాయింట్ పడితే మధ్యలో దాదాపు 60 మీటర్లు ఖాళీ. హెయిర్‌పిన్ మలుపు మలుపంతా ఆ ఖాళీలో మాయమైపోయింది. మ్యాప్ మీద మా కారు వంతెనలు లేని లోయల మీదుగా దూకుతూ పోయింది. ఓడోమీటర్ 31 అంటే వాచీ 28 అంది. ఆ రోజు నుంచి సెకనుకో పాయింటే పెట్టుకున్నాను. బ్యాటరీ తొందరగా దిగుతుంది, దిగనీ.

ఎత్తు విషయంలో మాత్రం వాచీ మాట పూర్తిగా నమ్మను. ఉపగ్రహాలన్నీ మన నెత్తి మీదే ఉంటాయి కాబట్టి పక్కలకన్నా నిలువు కొలతలో తప్పు ఎక్కువ. అందుకని నా వాచీలో గాలి పీడనం కొలిచే సెన్సర్ కూడా ఉంది. పీడనం ఒక హెక్టోపాస్కల్ తగ్గితే సుమారు 8 మీటర్లు ఎక్కినట్టు లెక్క. కానీ వాన ముంచుకొస్తున్నా పీడనం తగ్గుతుంది కదా! ఒక సాయంత్రం గుడారం ముందు కూర్చుని మబ్బులు చూస్తుండగానే 20 మీటర్లు ఎక్కేశానంది.

కిందటి నెల నడక ముగించాక స్టాప్ నొక్కడం మర్చిపోయి అలాగే కారెక్కాను. ఇంటికొచ్చి చూస్తే నడక 58 కిలోమీటర్లు, గరిష్ఠ వేగం 84. మా అమ్మాయి రెండు చేతులెత్తి దండం పెట్టింది. దీనికి మందు సులువే. వాచీ రాసిన దారిని దాచే జీపీఎక్స్ ఫైల్ అంటే లోపల ఉన్నది ఉత్త అక్షరాలే. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఒక్కో పాయింట్‌కు అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, సమయం వరసగా కనిపిస్తాయి. నడక వేగం ఒక్కసారిగా కారు వేగమైన చోటు వెతికి, కింది పాయింట్లన్నీ కోసేశాను. సమయం యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో ఉంటుంది, మన గడియారంతో కలవలేదని కంగారు పడొద్దు. ఎవరికైనా ఫైల్ పంపేటప్పుడు కూడా ఇంటి దగ్గరి మొదటి అరకిలోమీటరు, చివరి అరకిలోమీటరు ఇలాగే కోసేస్తాను. ఇల్లెక్కడో, ఏ రోజు ఎన్నింటిదాకా ఖాళీగా ఉంటుందో నేనే రాసిచ్చినట్టవుతుంది మరి.

ఇక మొన్నటి ప్రయాణం. కొండ పక్కన టైరు పంక్చరై 40 నిమిషాలు ఆగాం. మ్యాప్ మీద అక్కడ ఒక్క చుక్క ఉండాలి. ఉన్నది చిక్కుపడ్డ దారపు ఉండ. సంకేతాలు రాతిగోడకు తగిలి ఆలస్యంగా రావడంతో, కదలకుండా నిలబడ్డ నన్ను వాచీ అటూ ఇటూ తిప్పి 400 మీటర్లు నడిపించింది. చెరిపేద్దామని దగ్గరగా జూమ్ చేస్తే ఆ చిక్కులోంచి ఒక పోగు తిన్నగా బయటికొచ్చి, రోడ్డు అంచునే 50 మీటర్లు వెనక్కి వెళ్ళి, తిరిగొచ్చింది. వెనకొచ్చే బండ్లకు కనబడేలా ఎర్ర ట్రయాంగిల్ పెట్టొచ్చిన నడక అది. దాన్ని పెట్టింది తనేనని మా ఆయన అందరికీ చెబుతున్నాడు. వాచీ నా చేతికే ఉంది.