మా పెళ్ళి అడ్డుతెర నేనే వేసుకున్నాను

పెళ్ళయి నాలుగు నెలలు దాటింది. ఫోటోలు చూసినవాళ్ళలో చాలామంది చీర గురించో నగల గురించో అడగడం లేదు, మా మధ్యలో పట్టుకున్న ఆ ఎర్రబొమ్మల తెర ఎక్కడ కొన్నారని అడుగుతున్నారు. కొనలేదు, నేనే వేశానంటే ఎలా వేశావు, ఎన్నాళ్ళు పట్టింది, మాకూ చెప్పు అంటున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే ఒకసారి అంతా రాసేస్తే మేలనిపించింది. పొడుగవుతుంది, తీరిగ్గా చదవండి.

అసలు తెరే ఎందుకో ముందు చెప్తాను. పెళ్ళి కుదిరిన వారంలోపే నా చేత్తో ఏమేం చేసుకోవచ్చో ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను. శుభలేఖలు, తాంబూలం సంచులు, బాసికాలు, బోండాం, మండపం వెనక అలంకరణ, మా ఇద్దరి పేర్లతో గుమ్మం దగ్గర బోర్డు, చివరికి పూలజడ కూడా. అమ్మ అది చదివి ఒకటే అడిగింది, "వీటిలో పెళ్ళి జరిగేటప్పుడు నీ కళ్ళకు కనిపించేది ఏది?" అని. ఆలోచిస్తే నిజమే. మండపం వెనక ఏముందో వచ్చినవాళ్ళకు కనిపిస్తుంది, మేము దానికి వీపు పెట్టి కూర్చుంటాం. పూలజడా అంతే. బోర్డు దగ్గర ఫోటో దిగి లోపలికి వెళ్ళిపోతారు, అది నాకు ముందునుంచీ అంత నచ్చలేదు కూడా. అడ్డుతెర ఒక్కటే వేరు. మామ నన్ను గంపలో తెచ్చి దించిన దగ్గర్నుంచి ముహూర్తానికి జీలకర్ర బెల్లం పెట్టేదాకా నా ముఖానికి ఎదురుగా ఉండేది అదే, అవతల ఆయన ముఖానికి ఎదురుగా ఉండేదీ అదే. మా వైపు చాలా పెళ్ళిళ్ళలో తెల్ల పంచె మీద స్వస్తిక్ వేసి పట్టుకుంటారు, లేదంటే పూసలూ తళుకులూ కుట్టిన తెర అద్దెకు తెస్తారు. ఇది నేనే చేసుకోవాలి అని ఆ రోజే అనుకున్నాను, మిగతావాటిలో సగం కొట్టేశాను.

మాది నాయుడుపేట పక్కన పల్లె. శ్రీకాళహస్తి దగ్గరే. చిన్నప్పటినుంచి గుడికి వెళ్ళినప్పుడల్లా కలంకారీ తెరలు చూస్తూనే ఉన్నాను గానీ, అవి ఎలా చేస్తారో ఎప్పుడూ పట్టించుకోలేదు. గుళ్ళలో కట్టడానికి రామాయణం, భారతం గుడ్డ మీద బొమ్మలుగా వేసి, బొమ్మల పక్కన పట్టీల్లో తెలుగులో కథ రాసేవాళ్ళు. మధ్యలో ఈ పని దాదాపు ఆగిపోతే 1950ల్లో చేతివృత్తుల కోసం పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టారు, ఇప్పుడు ఆ ఊళ్ళో ఇంత మంది ఈ పని చేస్తున్నారంటే అది పెద్ద కారణం. తెలిసినవాళ్ళ ద్వారా అక్కడ పనిచేసే ఒక అక్క దొరికింది. సంక్రాంతి వెళ్ళాక వరసగా ఆరు ఆదివారాలు ఆమె దగ్గరికి వెళ్ళాను. పెళ్ళి వైశాఖంలో. మూడు నెలలు పైగా ఉంది కదా అని ధీమాగా ఉన్నాను, కానీ ఆ మూడు నెలలూ సరిగ్గా సరిపోయాయి.

గుడ్డ మా అత్తమ్మ ఇచ్చారు. ఆయన వాళ్ళది వెంకటగిరి, వాళ్ళ వీధిలో మగ్గాలున్నాయి. రెండు మీటర్లకు కాస్త పైన పొడవు, చీర పన్నా, కోరా నూలుగుడ్డ. పాడైతే ఎలా అని రెండు ముక్కలు ఇచ్చారు. ఆ రెండో ముక్క ఇవ్వకపోయి ఉంటే ఈ కథ వేరేగా ఉండేది.

ముందు గంజి పోయేదాకా గుడ్డను ఉతికి ఆరేశాం. తర్వాత కరక్కాయ పొడి కలిపిన గేదెపాలల్లో ముంచి, పిండి, ఎండలో ఆరబెట్టాలి. కరక్కాయలో వగరు ఉంటుంది, రంగును గుడ్డకు పట్టించేది అదే. పాలల్లో వెన్న ఉంటుంది కాబట్టి గీత గీస్తే రంగు పక్కలకు పాకదు. అందుకే పాలు చిక్కగా ఉండాలి, నీళ్ళపాలు పనికిరావు. ఆరాక గుడ్డ లేత పసుపుగా మారి, పాలవాసనతో, కొంచెం బిరుసుగా ఉంటుంది. దాని మీద చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో బొమ్మ గీసుకుంటాం. కలం అంటే వెదురుపుల్ల, కొన దగ్గర ఉన్నిగుడ్డ చుట్టి దారంతో బిగిస్తారు. ఆ ఉన్ని రంగు పీల్చుకుంటుంది, వేళ్ళతో నొక్కేకొద్దీ కొనలోకి దిగుతుంది. ఎంత నొక్కాలో ఎవరూ మాటల్లో చెప్పలేరు, చెయ్యికే తెలియాలి. మొదటి రెండు ఆదివారాలూ నేను పాతగుడ్డ మీద గీతలు తప్ప ఇంకేమీ గీయలేదు.

నల్లరంగును కసిమి అంటారు. తుప్పుపట్టిన ఇనుపముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి మూతకట్టి మూడు వారాలు ఊరబెడితే పుల్లటి వాసనతో తయారవుతుంది. కలంతో పెట్టినప్పుడు పలచగా కనిపిస్తుంది గానీ, గుడ్డలో ఉన్న కరక్కాయ తగలగానే మన కళ్ళముందే నల్లబడుతుంది. నాకు ఈ పని మొత్తంలో అన్నిటికంటే ఇష్టమైంది అదే. కుండ మా పెరట్లోనే పెట్టాను, రోజూ మూత తీసి చూసేదాన్ని.

కసిమి సిద్ధమయ్యే సమయానికి అమ్మమ్మ వచ్చింది. కుండలో ఏందని అడిగింది, చెప్పాను. ఆమె ముఖం మారిపోయింది. "పెళ్ళి తెర మీద నలుపేందే అమ్మాయ్? అది పెట్టుకుని ఆ పిల్లోడి ముఖం చూస్తావా?" అంది. కలంకారీ అంటేనే నల్లగీత, గీత లేకుండా బొమ్మ ఎలా అని నేను వాదించాను. అమ్మ మధ్యలో నలిగిపోయింది. నాకు ఏడుపొచ్చింది, నిజంగా. మూడు వారాలు ఊరబెట్టిన కుండ అది. రెండు రోజులు మేమిద్దరం సరిగ్గా మాట్లాడుకోలేదు. పురోహితుడి గారిని అడిగితే ఆయన, "తెర శుభ్రంగా ఉండి పసుపు కుంకుమ తగిలితే చాలమ్మా, కానీ పెద్దామె మనసు కష్టపెట్టుకుని నువ్వు పీటల మీద కూర్చోవద్దు" అన్నారు.

నాకు పని నేర్పే అక్కే దారి చూపించింది. నల్లగీత మానేసి గీత కూడా ఎరుపుతోనే గియ్యమంది. ఎరుపు పద్ధతి వేరు. కలంతో గీసేది రంగు కాదు, పటిక నీళ్ళు. దాదాపు ఏమీ కనిపించదు. ఒక రోజు ఆరనిచ్చి, ప్రవాహంలో కడిగి, తర్వాత మంజిష్ఠ వేరు వేసిన నీళ్ళల్లో గుడ్డను కర్రతో తిప్పుతూ ఉడికిస్తే, పటిక తగిలిన చోటంతా ఎర్రగా తేలుతుంది. అప్పటిదాకా మనం ఏం గీశామో మనకే సరిగ్గా కనపడదు.

మొదటి ముక్క ఇక్కడే పోయింది. పటిక గీసిన గుడ్డను ప్రవాహంలో ఎందుకు కడగమంటారంటే, ఎక్కువైన పటిక నీళ్ళతోపాటు కొట్టుకుపోవాలి. శ్రీకాళహస్తిలో అందుకు స్వర్ణముఖి ఉంది. నేను ఇంట్లో పెద్ద బకెట్లో నానేసి జాడించాను. వదిలిన పటిక మళ్ళీ గుడ్డకే పట్టుకుంది. ఉడికించి తీస్తే బొమ్మ చుట్టూ ఎర్రటి మరకలు, ఒక మూలంతా మసకమసక. అప్పటికి పెళ్ళికి నెలన్నర కూడా లేదు, టెన్షన్‌తో ఆ రాత్రి నిద్రపట్టలేదు.

తెల్లారి ఆ గుడ్డను దండెం మీద ఆరేసినప్పుడు ఇంకొకటి కనిపెట్టాను, మరకల కంటే పెద్దది. ఆ పాత గుడితెరల్లో బొమ్మల పక్కన అక్షరాలు ఉంటాయి కదా, అది చూసే నేను నడిమధ్యలో మా ఇద్దరి పేర్లు పెద్దగా రాశాను. దండెం ఇటువైపు నుంచి చూస్తే చక్కగా ఉన్నాయి. అటువైపు వెళ్ళి చూస్తే తిరగబడ్డాయి. వెంకటగిరి నూలు సన్నం, రంగు ఇవతలి నుంచి అవతలికి దిగిపోయింది. గుడిలో తెర గోడకు కడతారు, దానికి ఒకటే ముఖం. అడ్డుతెరకు రెండు ముఖాలు! ఆయన వైపు కూర్చున్నవాళ్ళకు మా పేర్లు అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు తారుమారై ఉంటాయి. ఇన్ని వారాలు బొమ్మ గురించి ఆలోచించాను గానీ, అవతల కూర్చునే మనిషికి ఏం కనిపిస్తుందని ఒక్కసారి కూడా అనుకోలేదు.

రెండో ముక్కలో అక్షరం ఒక్కటి కూడా పెట్టలేదు. ఒక చివర మా ఇంటి ముందు వేపచెట్టు, దాని కింద అరుగు. రెండో చివర వాళ్ళ వీధిలోని గుంటమగ్గం, ముందు కూర్చుని నేసే మనిషి. కింద, పైన తామరతీగ అంచు. ఏ వైపు నుంచి చూసినా చెట్టు చెట్టే, మగ్గం మగ్గమే. మధ్యలో మాత్రం మూరెడు చోటు ఖాళీగా వదిలేశాను, అక్కడ అమ్మమ్మ పసుపుతో స్వస్తిక్ వేస్తుందని. ఈసారి కడగడానికి మామ వాళ్ళ పొలంలో బోరు మోటారు దగ్గరికి తీసుకెళ్ళాం. పైపు దగ్గర గుడ్డను ఇద్దరం రెండు చివర్లూ పట్టుకుని నిలబడితే నీళ్ళు ధారగా దాని మీద నుంచి కాలవలోకి పోయాయి, అరగంటసేపు అలాగే. ఉడికించేటప్పుడు రాగి అండా, పొయ్యి, కట్టెలు అన్నీ మామే చూసుకున్నాడు. కర్రతో గుడ్డను ఒకసారి పైకెత్తితే వేపాకులు ఒక్కొక్కటీ ఎర్రగా కనిపించాయి. మా పిన్నమ్మ గట్టిగా అరిచింది, పొలంలో పనిచేసేవాళ్ళు కూడా వచ్చి చూశారు.

ఉడికాక గుడ్డంతా గులాబీ రంగు పట్టి ఉంటుంది. అది పోయి తెల్లబడాలంటే పేడనీళ్ళల్లో రాత్రంతా నానబెట్టి, తడి ఆరకుండా నీళ్ళు చల్లుతూ ఎండలో పరచాలి. నలుపు వద్దన్న అమ్మమ్మ ఈ పని మొత్తం తనే చేసింది. ఆవుపేడ తనే తెచ్చింది, మూడు రోజులు గుడ్డ పక్కనే కూర్చుని నీళ్ళు చల్లింది. మా మధ్య ఇంకా మిగిలిన కాస్త బిగువు కూడా ఆ మూడు రోజుల్లోనే పోయింది.

పెరట్లో కసిమి కుండ అలాగే ఉంది. పారబొయ్యమంటుందేమో అనుకున్నాను. తెర మడతపెట్టే రోజు అమ్మమ్మే, "ఆ నల్లది కొంచెం తేవే, ఇంత ముద్దుగా వచ్చింది, దిష్టి తగలదూ?" అంది. కింది మూలలో చిటికెనవేలంత చోట కరక్కాయ నీళ్ళు రాసి ఆరనిచ్చి, కలం ఆమె చేతికిచ్చాను. చెయ్యి వణుకుతుంటే నేను మణికట్టు పట్టుకున్నాను. ఒక చుక్క పెట్టింది. చూస్తుండగానే నల్లబడింది. ఫోటోల్లో అది కనిపించదు, మామ చేతికింద మూలలో ఉంది.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. శుభలేఖలు అచ్చు వేయించాం, నలభై మంది పెద్దవాళ్ళకు మాత్రం నేను చేత్తో రాసి నాలుగు మూలలా పసుపు రాశాను. తాంబూలం సంచులు పిన్నమ్మ కుట్టింది. తలంబ్రాలకు అమ్మా, మా వీధి అమ్మలక్కలూ కూర్చుని ఒక సోలెడు వడ్లు గోటితో ఒలిచారు, భద్రాచలం రాముల వారి కల్యాణానికి గోదావరి జిల్లాల భక్తులు ఒలిచి పంపుతారే, అలాగ. ఆ సోలెడు బియ్యాన్ని మిగతావాటిలో కలిపాం. బోండాం, పూలజడ, బాసికాలు కొన్నాం. పువ్వులతో చేసేవి, ముందురోజే చెయ్యాల్సినవి మీరు మాత్రం పెట్టుకోకండి, ముందురోజు మీరు మీ చేతుల్లో ఉండరు, చేతికి గోరింటాకు ఉంటుంది.

ఇది చదివి ఎవరైనా తెర వేసుకోవాలనుకుంటే కనీసం మూడున్నర నెలల ముందు మొదలుపెట్టండి. గుడ్డ రెండు ముక్కలు తీసుకోండి. ఎండలు ఉన్నప్పుడే చెయ్యండి, వానాకాలంలో పాలు పట్టించిన గుడ్డ ఆరక కంపు కొడుతుంది. వెలుగుకు అడ్డంగా పట్టి రెండువైపులా చూడకుండా ఏదీ ఖాయం చేసుకోకండి. ఇంట్లో పెద్దవాళ్ళకు మొదటిరోజే చెప్పండి, నేను చెప్పలేదు, చెప్పి ఉంటే ఆ రెండు రోజులు ఉండేవి కావు.

ముహూర్తం పొద్దున. మండపం తూర్పు వైపు తెరిచి ఉంది, ఎండ ఆయన వెనక నుంచి వస్తోంది. నేను తల వంచుకునే కూర్చున్నాను, వంచుకున్న తల అలాగే ఉంచి కళ్ళు పైకెత్తితే బొమ్మలకు మధ్యలో వదిలేసిన ఆ ఖాళీలో, పసుపు స్వస్తిక్ వెనక, ఆయన తల నీడ కనిపించింది. కదలకుండా ఉంది. తర్వాత అడిగితే, నేను మగ్గం ముందు కూర్చున్న మనిషినే చూస్తున్నా, మా తాతలా ఉన్నాడు అన్నారు. చేతులు తెర పైనుంచి వెళ్ళి జీలకర్ర బెల్లం పెట్టినప్పుడు అంచు మీద రెండు చోట్ల మరకలు పడ్డాయి. ఉతకలేదు, అలాగే మడిచి పెట్టెలో పెట్టాను.

పాడైన మొదటి ముక్కను కత్తిరించి సంచులకు వాడేద్దామంటే ఆయన ఒప్పుకోలేదు. చెన్నైలో మేముండే అద్దెయింట్లో, హాల్లో గోడకు కట్టాడు. మరకలు మరకల్లాగే ఉన్నాయి. గోడకు కట్టాం కాబట్టి పేర్లు మాత్రం సరిగ్గానే చదవొచ్చు.