పద్నాలుగో మంచం వారికి

కాలి చెప్పు ఊడిపోయిన సంగతే నాకు తెలియలేదు. వెనకాల వస్తున్నాయన కేకేసి చెబితే చూసుకున్నాను. 2023 వానాకాలం, తెనాలిలో మా ఎరువుల కొట్టు ముందు. అంతకు పది రోజుల కిందట విరేచనాలయి తగ్గాయి కదా, నీరసం అనుకున్నాను. మర్నాడు మెట్లెక్కలేకపోయాను. మూడో రోజుకి చొక్కా గుండీ పెట్టుకోవడం చేతకాలేదు.

డాక్టర్లు జీబీఎస్ అన్నారు, గిలన్-బారీ సిండ్రోమ్ అని పూర్తి పేరు. రోగాల మీదకి పోవాల్సిన రక్షణ వ్యవస్థ మన నరాల మీదకే వస్తుందట. లక్షమందిలో ఏడాదికి ఒకరికో ఇద్దరికో వచ్చే జబ్బు. 2025 జనవరిలో పుణెలో చాలామందికి వచ్చి పేపర్లలో పడేదాకా మా చుట్టాల్లో ఎవరికీ ఆ పేరే తెలియదు. నాకు పక్షవాతం వచ్చిందనే ఇప్పటికీ కొందరు చెప్పుకుంటారు.

గుంటూరులో ఒక ఆసుపత్రి, న్యూరాలజీ వార్డు, 14వ నంబరు మంచం. ఐదు రోజులు ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించారు. దాని ఖరీదు మా ఆవిడ నాకు ఇంటికొచ్చాకే చెప్పింది, మంచిపని చేసింది. మందుకన్నా నాకు బాగా గుర్తున్నది లెక్క. డాక్టరుగారు పూటపూటా వచ్చి, గట్టిగా గాలి పీల్చి, మళ్ళీ పీల్చకుండా ఒకటి నుంచి లెక్కపెట్టమనేవారు. మొదటి రోజు 31. రెండో రోజు 19. ఆ పూట ఆయన ఏమీ అనలేదు గానీ, బయటికెళ్ళి సిస్టర్‌తో మాట్లాడారు. జబ్బు ఊపిరి కండరాల దాకా పాకితే వెంటిలేటర్ పెట్టాలని మా బావమరిది చెప్పేశాడు, వాడికి నోరాగదు. ఆ రాత్రంతా దుప్పటి కింద గుట్టుగా లెక్కపెట్టుకుంటూ పడుకున్నాను. 18 దగ్గర మూడు రోజులు ఆగింది. తర్వాత ఒక్కొక్కటే పైకి కదిలింది.

ఇంటికొచ్చాక ఫిజియో అమ్మాయి పళ్ళెంలో పెసలు, మినుములు కలిపి ఏరమంది. ఆ పని పట్టుబడడానికే నెల పట్టింది. తర్వాత, "రోజూ కాస్త రాయండి అంకుల్" అని, పెన్ను జారిపోకుండా రబ్బరు బ్యాండ్లు చుట్టి లావు చేసి ఇచ్చింది. బిల్లు పుస్తకం తప్ప నేను రాసిందేముంది? రామకోటి రాయమంది మా అత్తగారు. నాలుగు రోజులు రాశాను. గుడి దీర్ఘాలు పక్క అక్షరం మీద, వొత్తులు కింది వరస మీద పడుతున్నాయి. రాముడికి చూపించే రాత కాదని మానేశాను.

అప్పుడనిపించింది, ఆ 14లో ఇప్పుడెవరున్నారో అని. మావాణ్ణి పంపి పది రూపాయలకు ఇరవై పోస్టుకార్డులు తెప్పించాను. ఇంకా అర్ధరూపాయేనా అని వాడికి ఆశ్చర్యం. "14వ నంబరు మంచం మీద ఉన్నవారికి, న్యూరాలజీ వార్డు" అని చిరునామా రాశాను. మొదటి కార్డుకి గంటన్నర పట్టింది.

"నేను ఆ మంచం మీద ఇరవై రెండు రోజులున్నాను. ఫ్యాను మూడులో పెడితే చప్పుడు చేస్తుంది, రెండులో పెట్టించుకోండి. కిటికీ వైపు తిరిగి పడుకుంటే పొద్దున్నే ఎండ కళ్ళలో పడుతుంది. లెక్కపెట్టమన్నప్పుడు భయపడకండి. నేను 18 దాకా దిగి మళ్ళీ పైకొచ్చాను."

త్వరగా కోలుకోవాలి అని మాత్రం రాయలేదు. నాకా మాట చెప్పినవాళ్ళలో సగంమంది బస్సు టైము చూసుకుంటూ చెప్పారు.

"ముక్కూముఖం తెలియనివాళ్ళకి ఉత్తరాలేంటండీ" అని మా ఆవిడ నవ్వింది. దయా కాదు, దానమూ కాదు, అది నా వేళ్ళకి ఎక్సర్‌సైజు. వారానికి రెండు చొప్పున వేశాను. ఏ కార్డు ఎవరికి అందిందో, ఏది చెత్తబుట్టలోకి పోయిందో.

తొమ్మిదో కార్డు రాస్తుంటే తట్టింది, ఆ మంచం మీద నా జబ్బువాళ్ళే ఉంటారని ఏముంది? ఫిట్స్ వచ్చినవాళ్ళుంటారు, తలలో గడ్డలవాళ్ళుంటారు. వాళ్ళకి ఈ 18 గోలేంటి? సిగ్గేసింది. ఆ వాక్యం తీసేసి ఫ్యాను సంగతి ఒక్కటే రాశాను.

సంక్రాంతి వెళ్ళాక ఒక కార్డు వచ్చింది. గుండ్రటి రాత, ఎవరో ఆడపిల్లది.

"మా నాన్నకి పక్షవాతం అండి. ఎడమచెయ్యి, ఎడమకాలు పడిపోయాయి. మీ కార్డు సిస్టర్ దిండు పక్కన పెట్టి వెళ్ళారు. ఇక్కడ లెక్కపెట్టమని ఎవరూ అడగలేదు. మీరు రాశారని నాన్నే రోజూ పెడుతున్నాడు. నిన్న 23. ఫ్యాను రెండులో పెట్టాం."

ఇప్పటికీ నా అరికాళ్ళు తిమ్మిరిగానే ఉంటాయి, కొట్లో స్టూలు లేకుండా కుదరదు. ఆ కార్డు స్టూలు మీద కూర్చునే రెండుసార్లు చదివాను. చదివి, గట్టిగా గాలి పీల్చి లెక్కపెట్టాను. ఎరువు దింపుతున్న కుర్రాడు బస్తా భుజాన పెట్టుకునే నావైపు వింతగా చూశాడు.

సాయంత్రం వాళ్ళ నాన్నగారికి కార్డు రాశాను: "నాది 44. మీది ఎంతకొచ్చింది?"