సంతలో కొన్న హంసల పటం

ఈ అద్దె ఇంట్లోకి వచ్చి ఆర్నెల్లయినా హాల్లో గోడ బోసిగానే ఉంది. కొత్త పటం ఏది అడిగినా రెండు వేలకి తక్కువ చెప్పడం లేదు. ఒక ఆదివారం పొద్దున్నే హైదరాబాద్ ఎర్రగడ్డలో పాత సామాన్లమ్మే సంతకి వెళ్లాను. పాత మిక్సీలు, కుళాయిలు, స్పానర్ల మధ్య ఒకాయన పటాలు వరుసగా ఆనించి పెట్టుకున్నాడు. "నాలుగూ కలిపి ఆరొందలివ్వండి మేడమ్" అన్నాడు. నాలుగొందలకి ఇచ్చాడు.

బాల్కనీలో పేపర్లు పరిచి ఒక్కోటీ వెనక్కి తిప్పి చూశాను. నిజానికి సంతలోనే తిప్పి చూడాల్సింది. ఒకదాని మూలల్లో గుండుసూది మొనంత రంధ్రాలున్నాయి, తడితే మెత్తటి పిండి రాలింది. పుచ్చు పట్టిన కర్ర. ఇంట్లో ఉంచితే మంచానికీ బీరువాకీ పాకుతుందని భయమేసి, అద్దం ఒక్కటి తీసుకుని మిగతాది ఆ సాయంత్రమే పారేశాను.

రెండోది లక్ష్మీదేవి పటం. చెమ్మకి కాగితం అద్దానికి అతుక్కుపోయింది. లాగితే రంగు అద్దానికే ఉండిపోతుంది. మా ఊళ్లో ఇలాంటివి గుళ్లో రావిచెట్టు కింద పెట్టి వస్తారు గానీ నాకు మనసొప్పలేదు. అద్దం జోలికి పోకుండా ఫ్రేము తుడిచి, వెనక కుళ్లిన అట్ట మార్చి దేవుడి గూట్లో పెట్టుకున్నాను.

మూడోది బంగారు రంగు ఫైబర్ ఫ్రేము, లోపల వెలిసిపోయిన మంచుకొండల పోస్టరు. సబ్బునీళ్లతో కడిగి, 320 నంబరు ఉప్పుకాగితంతో పైపైన రుద్ది, ప్రైమరు వేసి, గోడలకి వేయగా మిగిలిన రంగు పూశాను. రుద్దకుండా వేస్తే ఫైబర్ మీద రంగు పొరలు పొరలుగా లేచిపోతుంది. పోస్టరు తీసేసి, జాకెట్టు కుట్టించగా మిగిలిన పెడన కలంకారీ ముక్క పెట్టాను. పురుగులకి పిండంటే ఇష్టం కాబట్టి మైదా జిగురు వాడకుండా, గుడ్డ అంచులు అట్ట వెనక్కి మడిచి దారంతో లాగి కట్టాను.

ఇక నాలుగోది. మంచి టేకు ఫ్రేము. లోపల మ్యాటీ గుడ్డ (గళ్ల నేతలో ఉండే కుట్టుపని గుడ్డ) మీద క్రాస్ స్టిచ్‌తో కుట్టిన రెండు హంసలు, తామరలు, పైన ఎర్ర గులాబీ, కింద మూలన రెండు పొడి అక్షరాలు. ఫ్రేము ఉంచుకుని గుడ్డ తీసెయ్యాలనే కొన్నాను. వీడియో కాల్‌లో అమ్మకి చూపిస్తే ఒక్క నిమిషం మాట్లాడలేదు.

"పెళ్లికి ముందు మేమంతా కుట్టినవే ఇవి. వెనక్కి తిప్పవే ఒకసారి."

తిప్పాను. ఒక్క ముడి కనబడలేదు. దారం కొసలన్నీ కుట్ల కిందికి దూర్చేసి ఉన్నాయి. "చూశావా, ఎంత ఓపికో! దీన్ని పారేస్తావా?" అంది అమ్మ. ఎవరో అమ్మాయి నెలల తరబడి కూర్చుని కుట్టింది అది. నేను చెయ్యాల్సిన పని ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

వెనక గమ్ టేపు బ్లేడుతో కోసి, తుప్పు మేకులు పట్టకారుతో లాగి గుడ్డ బయటకి తీశాను. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపాక ఉతకాలనిపించింది. తడి దూది అద్ది రంగు వదులుతుందేమో చూశాను. నీలం వదల్లేదు, ఆకుపచ్చ వదల్లేదు. ఎరుపు చూడలేదు, తప్పంతా నాదే. పల్చటి కుంకుడు రసంలో ముంచిన రెండు నిమిషాలకే గులాబీ చుట్టూ గుడ్డ గులాబీ రంగుకి తిరిగింది. గుండె జారిపోయింది. ఆరనిస్తే ఆ రంగు అక్కడే పట్టేస్తుందని, చన్నీళ్లు మారుస్తూ మారుస్తూ గంటసేపు జాడించాను. చాలావరకు పోయింది. రేకుల కింద చిన్న నీడలా మాత్రం మిగిలింది. పిండకుండా తువ్వాల్లో చుట్టి తడి తీసి, కుట్లు అణిగిపోకుండా గుడ్డని తిరగేసి తువ్వాలు మీద ఇస్త్రీ చేశాను.

ఫ్రేముకి రంగు వెయ్యలేదు. టేకు మీద రంగు పూయడం నాకు నచ్చదు. ఊగుతున్న మూలలో ఫెవికాల్ వేసి, పాత సైకిల్ ట్యూబు ముక్క బిగించి చుట్టి రాత్రంతా ఉంచాను. 120 నంబరు, తర్వాత 220 నంబరు ఉప్పుకాగితంతో కర్ర చార వెంబడే రుద్దితే నల్లబడ్డ వార్నిషు పోయి తేనె రంగు బయటపడింది. అవిసె నూనె రెండు పూతలు, మధ్యలో రెండు రోజులు ఆరబెట్టి. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పి తీరాలి. అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడెయ్యకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడికి గుడ్డ తనంతట తానే అంటుకోవచ్చు. విడదీసి ఆరుబయట ఆరేశాకే పారెయ్యాలి.

బిగించేటప్పుడు గుడ్డకి అద్దం ఆనకుండా చూసుకోవడం ముఖ్యం. ఆనితే చెమ్మ పట్టి బూజు వస్తుంది. మౌంటు బోర్డు, అంటే పటాలకి వాడే మందపాటి అట్ట, సన్నటి పట్టీలుగా కోసి అద్దానికీ గుడ్డకీ మధ్య అంచుల వెంట దాచి అతికించాను. నూనె, కాగితాలు, బోర్డు అన్నీ కలిపి మూడొందల యాభై అయింది.

ఇంటి ఓనరు గోడకి మేకు కొట్టనివ్వరు. పాత అద్దెవాళ్లు వదిలిన మేకు ఒకటి కిటికీ ఎదురుగా ఉంది గానీ, సాయంత్రపు ఎండకి దారాల రంగు వెలిసిపోతుంది. అందుకని పడకగదికి వెళ్లే దారిలో, ఎండ పడని చోట, పుస్తకాల అలమారు మీద గోడకి ఆనించి పెట్టాను. హాల్లో ఆ పాత మేకుకి పెడన గుడ్డ పటం వేలాడుతోంది. దసరాకి వచ్చిన అమ్మ సంచీ కూడా దించకుండా అలమారు దగ్గరికి వెళ్లి, వంగి ఆ పొడి అక్షరాలు చదివింది. "లక్ష్మో, లలితో..." అనుకుంటూ అక్కడే నిలబడింది.