సీఓపీడీతో మళ్ళీ నడక: ముందు కాళ్ళ సంగతి చూడండి

సీఓపీడీ అంటే శ్వాసనాళాలు ఇరుకై ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు. అది ఉన్నవాళ్ళు చాలామంది ఆయాసానికి భయపడి నడక మానేస్తారు. మానేసేకొద్దీ తొడ కండరాలు తరిగిపోతాయి, బలహీనమైన కండరం అదే పనికి ఎక్కువ ఊపిరి అడుగుతుంది. చివరికి వీధి మలుపులోని కిరాణా కొట్టు కూడా దూరమైపోతుంది. వ్యాయామంతో బాగుపడేది ప్రధానంగా ఈ కండరాలే. ఎనిమిది వారాలు శ్రద్ధగా చేసినా స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊది ఊపిరిని కొలిచే పరీక్ష) అంకెలు దాదాపు అలాగే ఉంటాయి, నడవగలిగే దూరం మాత్రం పెరుగుతుంది. రిపోర్టు చూసి డీలాపడేవాళ్ళకి ఈ ముక్క మొదటిరోజే చెప్పాలి.

ఈ జబ్బులో అసలు కష్టం గాలి వదలడంలో ఉంది. ఇరుకైన శ్వాసనాళాలు వదిలేటప్పుడు ఇంకా మూసుకుపోతాయి. గబగబా నడిస్తే పాత గాలి పూర్తిగా బయటికి పోకముందే కొత్తది పీలుస్తాం. ఛాతీ ఉబ్బిపోయి లోపల చోటుండదు. వేలికి పెట్టుకుని రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే ఆక్సీమీటర్ 94 చూపిస్తున్నా మనిషి రొప్పడానికి కారణం ఇదే. అందుకని ముక్కుతో రెండు లెక్కపెట్టేదాకా పీల్చి, ఈల వేస్తున్నట్టు పెదాలు ముడిచి నాలుగు లెక్కపెట్టేదాకా మెల్లగా వదలాలి. బలంగా ఊదితే లాభం లేదు, నాళాలు మరింత బిగుసుకుంటాయి.

డాక్టరు సాల్బుటమాల్ (శ్వాసనాళాలు తెరిచే మందు) ఇన్‌హేలర్ రాసి, నడక ముందు వాడమని ఉంటే, 10-15 నిమిషాల ముందు స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం) తీసుకోండి. పొట్ట నిండా తిని బయల్దేరొద్దు. మొదట ఒక నిమిషం నడక, ఒక నిమిషం నిలబడటం, ఇలా ఆరు సార్లు. ఆయాసానికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేసుకోండి, మూడు నాలుగు మధ్య ఉంటే సరైన వేగం. చిన్న వాక్యం మాట్లాడగలగాలి. ఒకటి రెండు మార్కులే వస్తున్నాయంటే కాళ్ళకి పని చాలడం లేదు. చాలామంది ఇక్కడే మోసపోతారు: కాస్త బాగున్న రోజు ఆపకుండా నడిచేసి, మర్నాడు మంచం దిగరు. రొప్పు వచ్చాక ఆగడం కాదు, రాకముందే ఆగాలి.

విశాఖలో మొదలుపెట్టడానికి ఆర్కే బీచ్ దగ్గర కాళీమాత గుడి, సబ్‌మెరైన్ మ్యూజియం మధ్య ఫుట్‌పాత్ నయం. తెన్నేటి పార్కు వైపు ఎత్తు ఎక్కాలి, అది తర్వాత. ఇసుకలో అసలొద్దు, కాలు దిగబడి అదే దూరానికి శ్రమ బాగా పెరుగుతుంది. వెళ్ళేటప్పుడు గాలికి ఎదురుగా నడవండి, తిరిగొచ్చేటప్పుడు గాలి వీపుకి తగులుతుంది. మే నెలలో ఎండెక్కాక ఉక్కపోతలో నడవొద్దు. పోర్టు వైపు బొగ్గు దుమ్ము లేచిన రోజు, భోగి మంటల పొగ, దీపావళి మర్నాటి పొగ ఉన్నప్పుడు ఇంట్లోనే.

ఇంట్లో చేతులున్న కుర్చీ గోడకి ఆనించి, ఊపిరి వదులుతూ లేచి, పీలుస్తూ కూర్చోండి. ఐదు సార్లు, విరామం, మళ్ళీ ఐదు. మెట్లెక్కేటప్పుడూ అంతే, పైకి అడుగేసేటప్పుడు వదలడమే. చేతులెత్తే పనులు అనుకున్నదానికంటే గడ్డు: ఊపిరికి సాయపడే మెడ, భుజం కండరాలు ఆ పనిలోనే పడిపోతాయి. తలమీద చెంబుతో నీళ్ళు పోసుకుంటూ రొప్పేవాళ్ళు స్టూలు మీద కూర్చుని స్నానం చేస్తే కాస్త తేలికవుతుంది. అర లీటరు నీళ్ళ సీసా భుజం ఎత్తుదాకా ఎత్తి దించడం చేతులకి మంచి మొదలు.

ఆక్సీమీటర్ వేలికి గోరింటాకు, నెయిల్ పాలిష్ ఉంటే తప్పు చూపొచ్చు. అంకె నిలకడగా ఉన్నాకే నమ్మండి. 88 కిందకి జారితే ఆగి డాక్టరుకి చెప్పాలి, ఆక్సిజన్ మీదున్నవాళ్ళు తమ హద్దు ముందే అడిగి తెలుసుకోవాలి. ఛాతీ నొప్పి, కళ్ళు తిరగడం, పెదాలు నీలంగా మారడం వస్తే నడక సంగతి వదిలేసి 108కి ఫోన్ చేయండి.

కఫం ఎక్కువై రంగు మారిందా, నడక ఆపి డాక్టరుని కలవండి. తగ్గాక పాత దూరంతో కాకుండా సగంతో మొదలుపెట్టండి. స్టెరాయిడ్ మాత్రలు వాడి ఉంటే కండరం ఇంకాస్త బలహీనపడి ఉండొచ్చు, అప్పుడు కుర్చీ వ్యాయామాలతో మొదలుపెట్టి, కాళ్ళు నిలదొక్కుకున్నాకే బీచ్ రోడ్డు.