ఫైలులో తొమ్మిదో కాగితం

మొన్న గురువారం ఏడో వారం స్కాన్‌లో బిడ్డ గుండె కొట్టుకోవడం చూశాను. సంతోషంతో పాటు ఏడాదిగా గొంతులో అడ్డుపడిన కోపం కూడా ఒక్కసారిగా పొంగింది. రెండూ చల్లారకముందే రాయాలని కూర్చున్నాను.

నాకు 32 ఏళ్లప్పుడు విజయవాడలో ఐవీఎఫ్ కోసం, అంటే శరీరం బయట పిండం తయారుచేసి గర్భాశయంలో పెట్టే చికిత్స కోసం, అండాలు తీశారు. అండాశయాలు బాగా ఉబ్బడంతో వెంటనే పిండం పెట్టలేదు. ఐదో రోజుదాకా పెరిగిన నాలుగు పిండాలనూ మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో భద్రపరిచారు. మామయ్యగారి జబ్బు, మా ఆయన బదిలీ, ఇలా మూడేళ్లు గడిచాయి. వయసు దాటిపోతోందని బంధువులు భయపెట్టారు గానీ, పిండానికి లెక్క అండం తీసిన నాటి వయసే.

మొదటిసారి పిండం బదిలీ, అంటే దాన్ని గర్భాశయంలో పెట్టడం, సాఫీగా జరిగింది. మాత్రలతో గర్భాశయం లోపలి పొర 9 మిల్లీమీటర్లకు వచ్చింది. 7 దాటితే చాలంటారు. గర్భాశయాన్ని పిండానికి సిద్ధం చేసే ప్రొజెస్టిరాన్ హార్మోన్ మొదలుపెట్టిన ఆరో రోజున, ఉన్నవాటిలో మేలైన 4ఏఏ రకం పిండాన్ని పెట్టారు.

పన్నెండో రోజు రక్తపరీక్షలో ఏమీ లేదని తేలింది. కౌన్సెలింగ్ గదిలో నేను, మా ఆయన, అత్తయ్య కూర్చున్నాం. ఎదురుగా ఉన్న మేడం కంప్యూటర్‌లోంచి తల తిప్పకుండానే, "పిండం మంచిది, పొర బాగుంది, మా వైపు లోపమేమీ లేదు. ఇంటికి వెళ్లాక మెట్లెక్కారా అమ్మా?" అని అడిగింది. నేను బడిలో టీచర్ని. నాలుగో రోజు నుంచి పాఠాలకు వెళ్లాను. నేను నోరు తెరిచేలోపే అత్తయ్య, "రెండో అంతస్తులో క్లాసు, ఎంత చెప్పినా వినలేదు" అన్నారు. మేడం తలాడించి, నా కళ్ల ముందే ఫైలులో నీలం సిరాతో "విశ్రాంతి తీసుకోలేదు" అని రాసింది.

ఆ రెండు మాటలు మా ఇంట్లో ఐదు నెలలు తిరిగాయి. ఆడపడుచు ఫోన్లో అడిగింది, పెళ్లిలో పిన్నత్తగారు అడిగారు. మా అమ్మ కూడా ఒకరోజు "కాస్త పడుకోవాల్సిందేమోనే" అంది. బిడ్డను నేనే మెట్ల మీద పోగొట్టుకున్నానని నమ్మడం మొదలుపెట్టాను. పిండం బదిలీ తర్వాత మంచం మీదే పడుకోవడం వల్ల గర్భం నిలిచే అవకాశం పెరగదని పరీక్షలు చేసి తేల్చి చాలా ఏళ్లయింది. ఆ గదిలో కూర్చుని జీతం తీసుకునేవాళ్లకు అది తెలియకపోతే ఎలా?

హైదరాబాద్‌లో మరో డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆవిడ ఒక్క ప్రశ్నా అడగకుండా ఫైలంతా తిప్పి, తొమ్మిదో కాగితం దగ్గర ఆగారు. పెళ్లయిన కొత్తలో తీయించిన ట్యూబుల (అండాశయం నుంచి గర్భాశయానికి అండం వచ్చే గొట్టాల) ఎక్స్‌రే నివేదిక అది. "ఎడమ ట్యూబు ఉబ్బి నీరు చేరిందని ఇందులో రాశారు. దీనికేం చేశారు?" అని అడిగారు. ఎవరూ ఏమీ చేయలేదు. ఆ నీరు గర్భాశయంలోకి జారి పిండం అతుక్కోకుండా చేస్తుందట. గర్భం నిలిచే అవకాశం దాదాపు సగానికి పడిపోతుందట. బదిలీకి ముందే ఆ ట్యూబును తీసేయాలి, లేదా మూసేయాలి. ఇన్నేళ్లూ నా చంకలోనే ఉన్న కాగితం!

ల్యాపరోస్కోపీతో, అంటే చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్‌తో, ట్యూబు తీశారు, మూడో రోజుకు లేచి తిరిగాను. పిండాలు విజయవాడలోనే ఉన్నాయి కనుక మళ్లీ ఆ ఆసుపత్రి మెట్లే ఎక్కాల్సి వచ్చింది. ఈసారి పెట్టింది 4బీబీ, మొదటిదానికంటే తక్కువ రకం. నాలుగో రోజు బడికి వెళ్లాను, అవే మెట్లు ఎక్కాను. గర్భం నిలిచిందో లేదో చెప్పే బీటా రక్తపరీక్షలో 412 వచ్చింది, రెండు రోజులకు రెట్టింపు దాటింది.

ఇదే దారిలో ఉన్నవాళ్లకు ఒక మాట. బదిలీ తేదీ ఖాయం చేసుకునే ముందు ట్యూబుల నివేదిక, థైరాయిడ్ పరీక్ష, గర్భాశయం స్కాన్ డాక్టరు ముందు పెట్టి, మీ ఎదుటే చదివించుకోండి. పైనాపిల్, దానిమ్మ, పడుకునే దిక్కు గురించి చెప్పేవాళ్లకు దణ్ణం పెట్టి పంపేయండి. ఫలితం రోజున మీ పక్షాన మాట్లాడగలిగేవాళ్లనే వెంట తీసుకెళ్లండి.

గురువారం స్కాన్ అయ్యాక ఆ మేడం గదికి వెళ్లాను. తొమ్మిదో కాగితం జిరాక్స్ బల్ల మీద పెట్టి, నా ఫైలులో రాసిన ఆ మాట కొట్టేయమని అడిగాను. చాలాసేపు చదివింది. తర్వాత అదే నీలం సిరాతో కొట్టేసి, పక్కన సంతకం పెట్టింది. అత్తయ్య నా పక్కనే నిలబడి చూశారు.